నీళ్లలో తూచిన రాణీ రూపాయి

పిల్లలూ! మీ అవ్వ ట్రంకు పెట్టె అడుగున, పాత చీరల మడతల మధ్య ఒక గుడ్డ మూట ఉందేమో అడిగి చూడండి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు చాలా ఇళ్లలో ఉంటుంది. విప్పితే నల్లబడిన వెండి బిళ్లలు నాలుగో అయిదో కనబడతాయి. ఒకవైపు రాణి బొమ్మ, ఇంకోవైపు ఇంగ్లీషు అక్షరాలు. పెళ్లికో, పురుటికో, వాన కురవని ఏటికో అక్కరకు వస్తాయని దాచిన దుడ్లు అవి.

2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటింది. ఆ తరువాత ఈ మూటలు విప్పే ఇళ్లు ఎక్కువయ్యాయి. అంగట్లో బిళ్లను తూచి, గీటురాయి మీద గీసి చూసి, వెండి లెక్కన డబ్బు ఇస్తారు. అక్కడినుంచి అది మూసలోకి పోతుంది. ఒక్క రాణీ రూపాయిలో 10.69 గ్రాముల వెండి ఉంటుంది. కిలో లక్ష చొప్పున లెక్క కడితే దాని వెల 1,069 రూపాయలు. అలాంటివి 94 కరిగిస్తే కిలో వెండి ముద్ద తయారు. ఆ ముద్దను ఎంత పట్టి చూసినా అది ఏ టంకశాలలో పుట్టిందో, ఏ ఏడు పుట్టిందో చెప్పదు.

డబ్బు అవసరమైన ఇంటికి వెళ్లి "అమ్మకండి" అని చెప్పడం నాకు చేతకాదు. కాని అమ్మేముందు చేతిలో ఉన్నది ఏమిటో తెలిసి ఉండాలి కదా! అది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక త్రాసు, ఒక గ్లాసెడు నీళ్లు, ఒక భూతద్దం, తొమ్మిదో తరగతిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఉంటే చాలు. ముందు ఆ బిళ్ల కథ కొంచెం చెబుతాను. కథ తెలియకపోతే కొలతకు అర్థం ఉండదు.

కలదారు రూపాయి

ఆదోనికి నాణేలు కొత్త కాదు. పదిహేడో శతాబ్ది చివర ఔరంగజేబు సేనలు ఆదోని కోటను పట్టుకున్నాయి. అప్పుడు ఈ ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఇక్కడి టంకశాల నాణేలు ముద్రించింది. అవి చేత్తో కొట్టినవి. తూకానికి సరిచేసిన వెండి ముక్కను రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. అచ్చు పెద్దది, ముక్క చిన్నది. అందుకే అక్షరాలు సగమే పడేవి. ఏ రెండు బిళ్లలూ ఒక తీరుగా ఉండేవి కావు. అంచు కొంచెం గీకి వెండి పొడి దాచుకున్నా ఎవరికీ తెలిసేది కాదు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. 1800 నుంచి 1807 వరకు వీటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆ రోజుల్లో సంతకు పోయిన రైతు మొలలో వరహాలు, పణాలు, నాలుగైదు రకాల రూపాయలు ఉండేవి. ఒక రకం ఇచ్చి ఇంకో రకం తీసుకున్న ప్రతిసారీ షరాబుకు వట్టం కట్టుకోవాలి. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనబెట్టి వెండి రూపాయిని ప్రమాణ నాణెం చేసింది. నూరు వరహాలకు 350 రూపాయలని లెక్క. 1835లో కంపెనీ ఏలుబడిలోని సీమలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది.

ఈ 1835 రూపాయి మన కథకు నాయకుడు. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి. రాగి ఎందుకు? మోసం చేయడానికి కాదు. శుద్ధమైన వెండి మెత్తన. చేతులు మారుతూ ఉంటే త్వరగా అరిగిపోతుంది. కొంచెం రాగి కలిపితే గట్టిపడుతుంది. బొమ్మవైపు నాలుగో విలియం రాజు తల ఉంటుంది. తమాషా ఏమిటంటే, రోమన్ అంకెల్లో నాలుగును మీరు రాసేలా కాకుండా వరుసగా నాలుగు నిలువు గీతలు గీశారు. బొరుసువైపు ఆకుల దండ మధ్య ఇంగ్లీషులోనూ పారసీలోనూ "ఒక రూపాయి" అని ఉంటుంది.

ఇవి యంత్రాల మీద చేసినవి. హైదరాబాదు సంస్థానంలో కంపెనీ రూపాయిని "కల్దార్" అనేవారు. "కల్" అంటే యంత్రం. నిజాం సొంత రూపాయి "హాలీ సిక్కా". తెలంగాణలో ముసలివాళ్ల నోట ఆ రెండు మాటలూ మొన్నమొన్నటి దాకా ఉండేవి. యంత్రం చేసిన బిళ్ల అంచుకు సన్నని నిలువు గాట్లు ఉంటాయి. అవి అందానికి కాదు. ఎవడైనా అంచు గీకితే గాట్లు పోయి దొంగతనం బయటపడుతుంది. ఇంగ్లండులో 1696లో పాత నాణేలన్నీ కరిగించి ఇలాంటి అంచులతో కొత్తవి వేసే పనిని దగ్గరుండి చూసినవారిలో ఒకడు ఎవరనుకున్నారు? ఐజాక్ న్యూటన్! ఆ ఏడే ఆయన లండన్ టంకశాలలో ఉద్యోగానికి చేరాడు.

రూపాయి అంత నిక్కచ్చిగా ఉండేది కాబట్టి అదే తూకపు రాయి కూడా అయింది. తులం అంటే ఒక రూపాయి బరువు. ఎనభై తులాలు ఒక సేరు. పాత మందుల చీటీల్లో "సొంఠి రూపాయి ఎత్తు" అని రాసి ఉంటుంది. ధర అనుకునేరు, బరువు. మెట్రిక్ తూకాలు వచ్చాక ఇప్పుడు చాలా అంగళ్లలో పది గ్రాములనే తులం అంటున్నారు. పాత తులం 11.66 గ్రాములన్న సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.

ఐరోపా వెండి ఎటు పోయింది?

వింత చూడండి. మన దేశంలో వెండి గనులు చెప్పుకోదగినన్ని లేవు. మరి కోట్ల కొద్దీ రూపాయలకు వెండి ఎక్కడిది? సముద్రం మీద వచ్చింది. మన బట్ట, నీలిమందు, పత్తి ఐరోపాకు పోయేవి. బదులుగా ఓడల్లో వెండి దిగేది. కొంత కడ్డీలుగా, కొంత నాణేలుగా. మెక్సికో, పెరూ గనుల వెండితో వేసిన స్పానిష్ డాలర్లు అందులో ముఖ్యమైనవి.

ఈ "డాలర్" అనే మాట పుట్టుక కూడా చెప్పాలి. బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో, యోఆహిమ్‌స్టాల్ అనే లోయలో పదహారో శతాబ్దిలో వెండి గనులు పడ్డాయి. అక్కడి వెండితో వేసిన పెద్ద నాణెం "థాలర్". థాల్ అంటే జర్మన్ భాషలో లోయ. థాలర్ నుంచే డాలర్ వచ్చింది. వెండి తగ్గిపోయాక ఆ గనుల్లోనుంచి నల్లని బరువైన ఒక ఖనిజం తవ్వారు. ఆ పిచ్‌బ్లెండ్ పిప్పిని టన్నుల కొద్దీ ఉడకబెట్టే మేరీ క్యూరీ రేడియం వేరు చేసింది. వెండి నాణెం వెంట పోతే రేడియం దాకా పోయామన్నమాట!

థాలర్లలో అందరికంటె పేరున్నది ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్నది. బరువు 28.07 గ్రాములు. వెయ్యి పాళ్లలో 833 పాళ్లు వెండి. అరేబియాలోనూ ఇథియోపియాలోనూ అది తప్ప వేరే నాణెం తీసుకోని సంతలు ఉండేవి. ఫ్రాన్సు వాళ్లది ఇంకో పద్ధతి. 1803లో వాళ్లు ఒక ఫ్రాంకు అంటే సరిగ్గా అయిదు గ్రాముల నాణెమని, అందులో తొమ్మిది పదోవంతులు వెండి ఉండాలని చట్టం చేశారు. అయిదు ఫ్రాంకుల నాణెం 25 గ్రాములు. నలభై నాణేలు త్రాసులో వేస్తే ఒక కిలో! మనకు రూపాయి తులమైనట్టు, వాళ్లకు ఫ్రాంకు మెట్రిక్ తూకమైంది. నాకు ఈ లెక్క చాలా ఇష్టం.

మరి ఈ థాలర్లు, ఫ్రాంకులు ఆదోనిలో ఎందుకు కనబడవు? చాలామట్టుకు టంకశాలల్లో కరిగి రూపాయలైపోయాయి. రేవులో దిగిన వెండిని మద్రాసులోనో బొంబాయిలోనో కలకత్తాలోనో మూసలో పోసేవారు. మద్రాసు టంకశాలను 1869లో మూసేశారు. కాబట్టి పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా వెండి కావాలంటే మనం ఐరోపా దాకా పోనక్కరలేదు. అవ్వ మూటలోని రాణీ రూపాయిలో ఏ మెక్సికో గని వెండి ఉందో ఎవరికి తెలుసు!

పత్తి సీమకు ఈ వెండితో చుట్టరికం మరీ దగ్గర. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. ధరలు పెరిగాయి. ఓడల నిండా వెండి వచ్చింది. రైతుల చేతిలో రూపాయలు ఆడాయి. రూపాయలు కడియాలు, దండలు అయ్యాయి. 1871 నాటికి మద్రాసునుంచి రాయచూరుకు రైలు దారి ఆదోని మీదుగా పడింది. అయిదేళ్లు తిరక్కుండా ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. గింజల కోసం జనం ఒంటిమీది వెండి అమ్ముకున్నారు. దక్షిణాదిన అలా అమ్ముడైన నగలు పెద్ద ఎత్తున బొంబాయి టంకశాలకు చేరి మళ్లీ రూపాయలయ్యాయి. 1877 నుంచి నాణెం మీద విక్టోరియా పేరు పక్కన "రాణి" తీసి "చక్రవర్తిని" అని వేశారు. కరువులో తీసేసిన మెట్టెలు, కడియాలు కొన్ని ఆ కొత్త బొమ్మ కింద ఉండి ఉంటాయి. ఆ ఏళ్ల రూపాయి చేతికి వస్తే నేను కాసేపు మాట్లాడలేను.

తేదీని నమ్మవచ్చా?

కొత్తగా నాణేలు సేకరించేవాళ్లు ముందు చూసేది సంవత్సరం. పాతదైతే అపురూపమని సంబరపడతారు. కాని నాణెం మీది తేదీ ఎప్పుడూ నిజం చెప్పదు.

మరియా థెరిసా థాలర్ చూడండి. రాణి 1780లో చనిపోయింది. ఆ తరువాత పందొమ్మిదో శతాబ్దమంతా, ఇరవయ్యో శతాబ్దంలో కూడా, 1780 అనే తేదీతోనే ఆ నాణెం వేస్తూ వచ్చారు. సంతల్లో జనానికి ఆ బొమ్మ మీదే గురి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బొంబాయి టంకశాల కూడా 1780 తేదీతో వాటిని ముద్రించింది! మన రూపాయలూ ఇంతే. 1835 తేదీతో 1840 దాకా వేశారు. 1840 తేదీతో 1862 దాకా వేశారు. 1862 తేదీ 1874 దాకా నడిచింది. 1840 నాణెం మీద విక్టోరియా తలకు కిరీటం లేదు, బొరుసువైపు కంపెనీ పేరు ఉంది. 1862 నాణెం మీద కిరీటం వచ్చింది, కంపెనీ పేరు పోయింది. నడుమ 1857 తిరుగుబాటు, 1858లో కంపెనీ పాలన అంతం మీరు సాంఘికశాస్త్రంలో చదివినవే. 1862 తేదీలోనే చుక్కల సంఖ్య తేడాతో రకాలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చుక్కలు లెక్కపెట్టడం ఎండాకాలం సెలవుల్లో మంచి కాలక్షేపం.

అపురూపమంటే పాతది కాదు. ఎన్ని వేశారు, ఎన్ని కరగకుండా మిగిలాయి, మిగిలినవి ఎంత చెడకుండా ఉన్నాయి అన్నది లెక్క. 1847లో లండన్‌లో వేసిన గోతిక్ క్రౌన్ అనే అందమైన వెండి నాణెం దాదాపు ఎనిమిది వేలే. అందుకే దాని వెనక సేకరణకారులు పడతారు. రాణీ రూపాయలు కోట్లలో వేశారు. అరిగిపోయిన మామూలు రాణీ రూపాయికి వెండి ధరకంటె ఎంతో ఎక్కువ రాదు. అది మూసలోకి పోవడానికి కారణం కూడా అదే. ఈ రోజు మామూలువని కరిగిస్తూ పోతే రేపు అవే అపురూపం అవుతాయి.

నీళ్లు చెప్పే సాక్ష్యం

ఇక ప్రయోగం. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. బడిలో లేకపోతే నగల అంగట్లో అడగండి, కాదనరు.

మొదట నాణేన్ని పొడిగా తూచండి. 11.66 గ్రాములకు దగ్గరగా రావాలి. అరిగినదైతే కొంచెం తగ్గుతుంది. తరువాత చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నని దారం కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నాణెం దారానికి వేలాడుతున్నప్పుడు త్రాసు ఏమి చూపిస్తోంది? నాణెం పక్కకు తోసిన నీళ్ల బరువు. నీళ్లు నాణేన్ని పైకి ఎంత తోస్తాయో, నాణెం నీళ్లను కిందికి అంతే తోస్తుంది. ఒక గ్రాము నీళ్లంటే దాదాపు ఒక ఘన సెంటీమీటరు కాబట్టి ఆ అంకే నాణెం ఘనపరిమాణం. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

వెండి సాంద్రత 10.5, రాగిది దాదాపు 9. పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి అయితే 10.3 రావాలి. అంటే 11.66 గ్రాముల మంచి రూపాయి 1.13 గ్రాముల నీళ్లను తోస్తుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్ల అయితే 1.34 తోస్తుంది. పేరులో సిల్వర్ ఉంది గాని అందులో వెండి చుక్క కూడా లేదు. రాగి, నికెలు, జింకుల మిశ్రలోహం అది. 1940 తరువాతి వెండి రూపాయల్లో వెండి సగమే. అవి 1.22 దగ్గర ఆగుతాయి.

మా తరగతిలో ఇద్దరు తెచ్చిన బిళ్లలు చెబుతాను. ఒకమ్మాయిది 11.52 గ్రాములు. నీళ్లలో 1.12. భాగిస్తే 10.29. మేలిమి. ఇంకో అబ్బాయి ఒక జాతరలో అయిదు వందలు పోసి కొన్నాడు. దాని మీద విక్టోరియా మొహం నవనవలాడుతోంది. బరువు 9.20 గ్రాములు, నీళ్లలో 1.07. భాగించి చూస్తే 8.6. వాడు మళ్లీ మళ్లీ తూచాడు. అంకె మారలేదు. పాపం, ఆ అయిదు వందలు సైకిలు కోసం దాచుకున్నవి.

నీటి బుడగలు జాగ్రత్త. నాణేనికి బియ్యపు గింజ అంత బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. నీళ్లలో ఒక చుక్క సబ్బునీరు కలిపితే బుడగ నిలవదు. ఒక్క బిళ్లతో ఎంత జాగ్రత్తగా చేసినా 10.2 నుంచి 10.4 దాకా ఎటైనా రావచ్చు. ఒకే రకం పది నాణేలు కట్టగట్టి తూస్తే తప్పు బాగా తగ్గుతుంది.

తెలివైన దొంగ ఆర్కిమెడిస్‌ను కూడా మోసం చేయగలడు! సీసం సాంద్రత 11.3, తగరానిది 7.3. అయిదు పాళ్లలో నాలుగు పాళ్లకు కొంచెం పైగా సీసం, మిగతా తగరం కలిపితే సరిగ్గా 10.3 వస్తుంది. బరువూ సరిపోతుంది, నీళ్లూ సరిపోతాయి. అప్పుడు ఎలా? పాతకాలపు షరాబు చేసిన పనే. రూపాయిని బొటనవేలి మీద ఎగరేసి బండ మీద పడనిచ్చేవాడు. వెండి ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది. సీసం దబ్బుమని ఊరుకుంటుంది. సీసం మెత్తన కాబట్టి కంపనాన్ని తనలోనే మింగేస్తుంది. మీరు మాత్రం మంచి నాణేన్ని బండ మీద వేయకండి, గాట్లు పడతాయి. వేలి చివర నిలబెట్టి పెన్సిలుతో మెల్లగా తట్టండి. ఇంకో దారి, మంచు ముక్క. లోహాలన్నింటిలో వేడిని బాగా ప్రసరింపజేసేది వెండి. పక్కపక్కన వెండి రూపాయి, అంతే ఉన్న సీసపు బిళ్ల పెట్టి వాటిమీద ఒకే సైజు మంచు ముక్కలు ఉంచండి. ఏది ముందు కరుగుతుందో చూడండి. అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. వెండి దానికి అంటదు. అంటిందంటే ఇనుమో నికెలో ఉన్నట్టు. 1947 రూపాయి పూర్తిగా నికెలు. అది ఠక్కున అంటుకుంటుంది, అది నకిలీ కాదు.

అన్నం గింజల మోసం

ఈ మధ్య ఏళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక మాయ నాణెం పేరు చెప్పి జనాన్ని ముంచారు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే తేదీ. అది బియ్యపు గింజలను తనవైపు లాగుతుందని, విదేశాల్లో కోట్లకు కొంటారని చెప్పి "పరీక్ష ఖర్చుల" కోసం లక్షలు గుంజుతారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. అవి గుళ్ల దగ్గర అమ్మే బిళ్లలు. బియ్యాన్ని లాగే లోహం ఏదీ లేదు. గింజలకు ఇనుపరజను పట్టించి, లోపల అయస్కాంతం దాచితే ఏ బిళ్లయినా లాగుతుంది. మీ ఇంటికి అలాంటివాడు వస్తే, బియ్యం మన డబ్బాలోది తెచ్చి పరీక్ష చేద్దామనండి. నిలబడడు.

చింతపండుతో తోమకండి

మూటలోని రూపాయి నల్లగా ఉంటే ముందు చింతపండు, బూడిద మీదకు చేయి పోతుంది. ఆగండి. ఆ నలుపు మురికి కాదు. గాలిలో ఉండే రవంత హైడ్రోజన్ సల్ఫైడు వెండితో కలిసి ఏర్పడ్డ సిల్వర్ సల్ఫైడు పొర. ఇనుప తుప్పులా అది లోపలికి తొలుచుకు పోదు. పైన పలుచగా ఉండి కింది వెండిని కొంత కాపాడుతుంది కూడా. బూడిదతోనో పళ్లపొడితోనో రుద్దితే పొరతోపాటు రాణి చెంప, జుట్టు అరిగిపోతాయి. అరిగిన గీతను ఏ ఆచారీ తిరిగి తేలేడు. నాణేలు తెలిసినవాళ్లు తోమిన బిళ్లను దూరంనుంచే గుర్తుపట్టి ధర కోసేస్తారు. అల్యూమినియం రేకు, వేడినీళ్లు, వంటసోడా కలిపి నలుపు పోగొట్టే ప్రయోగం చేయాలని ఉంటే మీ కాలిపట్టీల మీద చేయండి. సల్ఫైడులోని గంధకాన్ని అల్యూమినియం లాక్కుంటుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. పాత నాణెం మీద మాత్రం వద్దు.

చేత్తో పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి. చెమటలోని ఉప్పు వెండికి పడదు. రబ్బరు బ్యాండు చుట్టకండి. రబ్బరులో గంధకం కలుపుతారు, బ్యాండు ఉన్నచోట నల్లని గీత పడుతుంది. ఉన్నిలోనూ గంధకం ఉంది. మెత్తని ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్లకు జిగటగా ఆకుపచ్చ పూత పూస్తాయి. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన తెల్లని నూలుగుడ్డ ముక్క, గంజి పోయేలా ఉతికి ఆరబెట్టినది, అన్నిటికంటె మంచిది. అవ్వకు ఈ శాస్త్రం తెలియకపోయినా చేసింది అదే.

సుగాలీ తండాల్లో రూపాయలకు, అర్ధరూపాయలకు కొక్కెం అతికించి దండలుగా వేసుకునేవారు. సేకరించేవాళ్లు కొక్కెం ఉన్నదాన్ని చిన్నచూపు చూస్తారు. ఆ కొక్కెమే దాన్ని మూసలోంచి కాపాడిందని మరచిపోతారు. అలాంటిది దొరికితే కొక్కెం ఊడబీకకండి. దాని సాంద్రత లెక్కకు సరిపోదు, అతుకులో వేరే లోహం ఉంటుంది. ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకోండి.

దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో నాణేల ముంత దొరికితే సంగతి వేరు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడవడం మీరు చూసే ఉంటారు. మన నేల అప్పుడప్పుడు నాణేలు కూడా ఇస్తుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాచినది పది రూపాయల వెలకు మించినది దొరికితే కలెక్టరుకు తెలపాలి. దొరికినవాడికి హక్కు ఏమీ ఉండదనుకోకండి, చట్టంలో దాని ఏర్పాటు ఉంది. దాచి కరిగిస్తే శిక్ష ఉంది. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. మూటగా దొరికిన నాణేలను విడదీయకూడదు, కడగకూడదు. ఏ నాణెం పక్కన ఏది ఉంది, ముంత ఎంత లోతున ఉంది అన్నదాన్నిబట్టి దాన్ని ఎప్పుడు పాతిపెట్టారో పండితులు చెప్పగలరు. మద్రాసు మ్యూజియంలో కంపెనీ నాణేలు చక్కగా వరుసపెట్టి ఉన్నాయి. 1890లో అక్కడి అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ వాటికి పట్టిక అచ్చువేశాడు.

మీరు కూడా ఒక పట్టిక మొదలుపెట్టండి. ఒక్కో నాణేనికి ఒక్కో పుట. గాలిలో బరువు, నీళ్లలో అంకె, రెండింటి భాగఫలం, అంచు గాట్లు, చుక్కల సంఖ్య, ఎవరి పెట్టెలోది, వారికి ఎవరిచ్చారు. చివరి రెండూ ఏ త్రాసూ చెప్పదు, అవ్వనే అడగాలి. ఆమె పడుకునే లోపల, ఈ రాత్రే అడగండి. పెన్సిలుతో నాణెం మీద కాగితం పెట్టి రుద్ది ముద్ర తీసుకోవడం ఎలాగో మీకు తెలుసు. మెత్తని పెన్సిలు వాడండి, గట్టిగా నొక్కకండి. ఆ తరువాత ఇంట్లోవాళ్లు అమ్మాలనే అనుకుంటే అమ్మనివ్వండి. పుట మీ దగ్గర ఉంటుంది.